చిన్న సేవా సంస్థకి ఏది పెట్టుకోవాలి: రిజిస్టరా, షీటా, కోబోనా, సొంత యాపా?

అమలాపురం, రాజోలు, నరసాపురం చుట్టుపక్కల వృద్ధాశ్రమాలు, దివ్యాంగుల సెంటర్లు, ఒంటరి ఆడవాళ్ళకి కుట్టు నేర్పే సెంటర్లు నడిపేవాళ్ళందరూ అడిగేది ఒకటే అండి, "మాకు సరిపడే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే చెప్పండి" అని. పేర్లు చెప్పడం పెద్ద పని కాదు, గూగుల్‌లో కొడితే వంద వస్తాయి. నేను మాత్రం ముందు మూడు అడుగుతా. రోజూ ఎంట్రీ కొట్టేది ఎవరు? ఆ వివరం ఎవరికి, ఏ టైంలో కావాలి? కరెంటూ సిగ్నలూ రెండూ పోయిన రోజు మీ చేతిలో ఏముంటుంది? మొదటి రెండూ ఏ ఊళ్ళో సంస్థకైనా ఉండేవే, మూడోది మాత్రం మన డెల్టా ప్రశ్న, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన కిందకి వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎంత బరువైందో గోదారి మధ్య లంకల్లో ఉన్నోళ్ళకి తెలుసు.

ఇది ఇద్దరు ముగ్గురు స్టాఫ్, ఒక పాత ల్యాప్‌టాప్, తలా ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న సంస్థల కోసం రాస్తున్నా. షీట్ అంటే ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ, కోబో అంటే నెట్ లేకపోయినా ఫోన్లో సర్వే నింపుకునే సాఫ్ట్‌వేర్. పెద్ద పెద్ద ట్రస్టులకి వేరే లెక్కలుంటాయి, వాళ్ళకి సలహాలిచ్చే కంపెనీలు కూడా చాలానే ఉన్నాయి.

ముందు పుస్తకం సంగతి. కంప్యూటర్ కొనగానే రిజిస్టర్లు ఆపేద్దాం అనేవాళ్ళని చూస్తే నాకు భయం అండి. మంచం పక్కన మందుల చార్టు, వచ్చిపోయేవాళ్ళ పుస్తకం, బియ్యం దుప్పట్లు తీసుకున్నందుకు వేలిముద్రలు, ఇవన్నీ కాగితం మీదే ఉండాలి, రాత్రి డ్యూటీ ఆయా ఫోన్ అన్‌లాక్ చేసి యాప్ తెరిచి బీపీ మాత్ర ఇచ్చినట్టు టిక్ పెట్టేలోపు చార్టులో నాలుగు సంతకాలు పెట్టేస్తుంది. కాగితం చేతకానిది ఎక్కడంటే వెతకడం, లెక్కపెట్టడం. "మామిడికుదురు మండలంలో పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లల్లో దివ్యాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ ఉండి వీల్‌చైర్ అందనివాళ్ళు ఎంతమంది" అని దాత ఫోన్లో అడిగితే పుస్తకాలు ముందేసుకుని కూర్చోవాలి, అప్పుడు కూడా వచ్చిన అంకె మీద నమ్మకం ఉండదు. ఒకే బిల్డింగు, యాభై మంది లోపు మనుషులు, అందరూ కళ్ళ ముందే ఉంటారు అనుకుంటే రిజిస్టరే చాలు, నెలకోసారి ముఖ్యమైనవి ఎక్సెల్‌లో ఎక్కించుకోండి, మిగతాదంతా చదవకపోయినా పర్లేదు.

దాని తర్వాత మెట్టు ఎక్సెల్. నెట్ అక్కర్లేదు, డిగ్రీ చదివిన పిల్లలకి ఎంతో కొంత వచ్చు, డబ్బులు పెట్టలేకపోతే లిబ్రేఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. దీని జబ్బు అందరికీ తెలిసిందే, "లిస్ట్ ఫైనల్", "లిస్ట్ కొత్త ఫైనల్", "లిస్ట్ సార్ చూసింది" అని మూడు ఫైళ్ళుంటాయి, ఏది అసలుదో పెట్టినవాడికి కూడా గుర్తుండదు, ల్యాప్‌టాప్ మొరాయిస్తే మూడూ పోతాయి. కానీ నేను ఎక్కువ చూసే గొడవ ఇది కాదండి, తెలుగు టైపింగ్. డీటీపీ షాపులో ఇచ్చి కొట్టించిన లిస్టులు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి, అవి ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో మాత్రమే తెలుగులా కనిపిస్తాయి, లోపల ఉండేది ఏవో ఇంగ్లీషు గుర్తులే, ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు, "సత్యవతి" అని వెతికితే ఒక్కటీ దొరకదు. పోస్టరుకీ కరపత్రానికీ అను బాగానే ఉంటుంది, లిస్టుకి మాత్రం ఏ ఫోన్లో తెరిచినా తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోనే కొట్టమని షాపులో ముందే చెప్పండి, లేదంటే ఫోన్లో గూగుల్ కీబోర్డు తెలుగు పెట్టుకుని మైకు నొక్కి మాట్లాడితే అదే రాసేస్తుంది, తప్పులు దిద్దుకుంటే చాలు.

ఇంకోటి పేర్లు. మన దగ్గర ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సత్యనారాయణలు ఉండటం మామూలే, ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా, సదరం కాగితంలో మరోలా ఉండటం ఇంకా మామూలు. అందుకని ఏ సాధనం తీసుకున్నా సరే మనిషికి ఒక నంబర్ ఇవ్వండి, ఊరి పేరులో రెండక్షరాలు పక్కన వరస నంబర్, "మామి 014" లాగా, ఆ నంబర్ రిజిస్టర్లో, షీట్లో, ఫైలు అట్ట మీద ఒకటే ఉండాలి, మనిషి చనిపోయినా ఆ నంబర్ ఇంకొకరికి ఇవ్వకూడదు. వయసు కాలమ్ తీసేసి పుట్టిన సంవత్సరం పెట్టండి, వయసైతే ఏటేటా మారిపోతుంది, నాలుగేళ్ళ కిందటి "67" ఇప్పటికీ 67 గానే కూర్చుని ఉంటుంది. జిల్లా దగ్గర కూడా జాగ్రత్త, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, పాత వరసల్లో అమలాపురం తూర్పు గోదావరిలో ఉంటుంది, కొత్త వరసల్లో కోనసీమలో ఉంటుంది, జిల్లావారీ లెక్క తీస్తే ఒకే ఊరు రెండు చోట్ల పడుతుంది. ఊరూ మండలమే అసలు కాలమ్‌లు అనుకుని, వాటిని చేత్తో కొట్టనివ్వకుండా లిస్టులోంచి ఎంచుకునేలా పెట్టండి, "పి.గన్నవరం", "పి గన్నవరం", "గన్నవరం" మూడూ మూడు ఊళ్ళుగా లెక్కలోకొచ్చే బాధ తప్పుతుంది.

ఇక గూగుల్ షీట్స్. ఎక్సెల్‌కీ దీనికీ మధ్య ఎంచుకోమంటే ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే సంస్థకి నేను షీట్సే అంటా, ఒకే లిస్టు అందరూ చూస్తారు, ఎవరు ఏ గడి ఎప్పుడు మార్చారో హిస్టరీలో ఉంటుంది, పొరపాటున చెరిపేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు. మామూలు అకౌంటుకి 15 జీబీ ఉచితం, ఫోటోలు కుక్కకపోతే చిన్న సంస్థకి చాలా ఏళ్ళు వస్తుంది. రిజిస్టరైన ట్రస్టో సొసైటీయో అయితే గూగుల్ వాళ్ళ నాన్‌ప్రాఫిట్ స్కీముకి అప్లై చేసుకోవచ్చు, వాళ్ళు కాగితాలు చూసి ఒప్పుకుంటే సంస్థ పేరుతోనే మెయిల్ వస్తుంది. దీనికోసం కొంచెం తిరగాల్సొచ్చినా తిరగండి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. చాలా చోట్ల షీట్ ఎవరో వాలంటీర్ కుర్రాడి సొంత జీమెయిల్‌లో ఉంటుంది, అతనికి హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది, వెళ్ళిపోతాడు, షీట్ అతనిది, పాస్‌వర్డ్ అతనిది, ఫోన్ చేస్తే "చూస్తానండి" అంటాడు. రెండేళ్ళు ఎవరూ తెరవని అకౌంటుని గూగుల్ తీసేయొచ్చు కూడా. ఇంకో మాట, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగు పెట్టి ఆ లింకు వాట్సాప్‌లో వేయకండి, ఎవరి మెయిల్‌కి ఇవ్వాలో వాళ్ళకే ఇవ్వండి.

షీట్స్‌తో వచ్చే ఇబ్బంది నెట్. దాంతోపాటు వచ్చే గూగుల్ ఫారంకైతే నెట్ లేకపోతే అసలు పనే జరగదు, సగం నింపాక సిగ్నల్ పోతే పంపడం కుదరదు. రావులపాలెం సెంటర్లో కూర్చుని నింపేవాళ్ళకి ఫారం చాలు, రేవు దాటి లంకలోకెళ్ళి ఇంటింటికీ తిరిగేవాళ్ళకి పనికిరాదు. అక్కడ కోబోటూల్‌బాక్స్ పెట్టుకోండి. ఇది హార్వర్డ్ హ్యూమానిటేరియన్ ఇనిషియేటివ్‌లో పుట్టింది, విపత్తుల్లో పనిచేసే సంస్థల కోసం చేసింది, దీనికి పునాది ఓడీకే అని 2008లో వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదలైన ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్. పని ఎలా ఉంటుందంటే, ఇంటి దగ్గరే నెట్ ఉన్నప్పుడు ప్రశ్నలు తెలుగులో తయారుచేసి ఫోన్లోకి దించుకుంటారు, లంకలోకెళ్ళాక నెట్ లేకుండానే నింపుతారు, ఇంటి జీపీఎస్ పడుతుంది, గోడ కూలిన ఫోటో పడుతుంది, "దివ్యాంగులు ఉన్నారా" కి లేదు అంటే ఆ తర్వాత ఎనిమిది ప్రశ్నలూ దానంతటదే దాటేస్తుంది, సాయంత్రం ఒడ్డుకొచ్చి సిగ్నల్ దొరకగానే అన్నీ ఒకేసారి వెళ్ళిపోతాయి. చిన్న సంస్థకి ఉచిత ప్లాన్ సరిపోతుంది. ఫోన్ నీళ్ళలో పడితే మాత్రం పంపనివన్నీ పోయినట్టే, కాబట్టి ఏ రోజువి ఆ రోజే పంపించడం అలవాటు చేయండి, ఇది స్టాఫ్‌తో పదిసార్లు చెప్పాల్సిన మాట.

కోబోకి ఒక పరిమితి ఉంది, దాని గురించి ఎవరూ ముందు చెప్పరు. అది సర్వేకి బాగుంటుంది, అంటే ఒకసారి వెళ్ళి అడిగొచ్చేదానికి. ఒకే మామ్మగారిని నెలనెలా చూసి, పోయిన నెల షుగర్ ఎంత, ఈ నెల ఎంత, కన్ను ఆపరేషన్ ఎప్పుడు అని ఏళ్ళ తరబడి వెంట తిరిగి చూసుకునే పనికి అది అంత అనువుగా ఉండదు, చేయొచ్చు గానీ తిప్పలు పడాలి. అలాంటి పనికి కామ్‌కేర్ లాంటి యాప్‌లు పుట్టాయి, మన అంగన్‌వాడీల్లో కూడా ఐసీడీఎస్ క్యాస్ పేరుతో నడిచింది దాని మీదే, తర్వాత 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చి దాని స్థానం తీసుకుంది. బాగుంటుంది కానీ డబ్బూ కావాలి, సెట్ చేసే మనిషీ కావాలి. ముగ్గురు స్టాఫ్ ఉన్న చోట షీట్స్‌లో ఒక ట్యాబ్‌లో మనుషులు, ఇంకో ట్యాబ్‌లో విజిట్లు పెట్టుకుని, ఇందాక చెప్పిన నంబర్‌తో రెండూ కలుపుకుంటే ఆ పనిలో ముప్పాతిక జరిగిపోతుంది.

సొంత యాప్ గురించి మొహమాటం లేకుండా చెప్తా. ఎవరో తెలిసిన కుర్రాళ్ళు వస్తారు, డెమోలో రంగురంగుల గ్రాఫులు, కమిటీ మెంబర్లకి నచ్చేస్తుంది, దాత కూడా "డిజిటల్ అయిపోతున్నారు" అని సంతోషిస్తాడు. నేను చూసిన ఒక సంస్థలో అలాగే చేయించారు, రెండో ఏడు మెయింటెనెన్స్ డబ్బు దగ్గర మాట తేడా వచ్చింది, సర్వర్ ఆగిపోయింది, మనుషుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి, మళ్ళీ పాత రిజిస్టర్లు దుమ్ము దులిపారు. చేయించుకోవాల్సిందే అనుకుంటే అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి: మొత్తం వివరాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్‌లో దించుకునే బటన్ ఉండాలి, డొమైనూ సర్వర్ అకౌంటూ సంస్థ పేరునే ఉండాలి, ఏడాదికి ఎంత కట్టాలో ఇప్పుడే తేలాలి. ఆ బటన్ దగ్గర నీళ్ళు నమిలితే అక్కడితో నమస్కారం పెట్టేయండి. సేల్స్‌ఫోర్స్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు దాతల వివరాలు చూసుకునే తమ సాఫ్ట్‌వేర్‌కి నాన్‌ప్రాఫిట్లకి పది లైసెన్సులు ఉచితంగా ఇస్తారు, నిజమే, కానీ దాన్ని మీ పనికి తగ్గట్టు సర్దడానికి తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి ఉచితం కాదు, వేలమంది దాతలు ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాల్సిన విషయం అది.

ఇప్పుడు వరద రోజు సంగతి, ఏ డెమోలోనూ చూపించనిది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మీ సంస్థ లంకల్లో పనిచేస్తుంటే, షీట్‌లో వరదకి వేరే ట్యాబ్ ఉండాలి, అందులో మామూలు వివరాలు వద్దు, కావాల్సినవి ఇవి: నడవలేనివాళ్ళు ఎవరు, మంచంతో సహా మోయాల్సినవాళ్ళు ఎవరు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు ఎవరు (ఫ్రిజ్ ఆగిపోతుంది కాబట్టి), డయాలసిస్‌కి ఎవరు ఏయే రోజుల్లో ఏ ఊరు వెళ్తారు, నెలలు నిండినవాళ్ళు, వినపడనివాళ్ళు (మైకులో చెప్పినా వాళ్ళకి అందదు, ఎవరో ఒకరు వెళ్ళి భుజం తట్టాలి), ఇంటికి దగ్గర రేవు ఏది, పక్కింటి ఫోన్ నంబర్ ఏది. మనిషి సొంత ఫోన్ కన్నా పక్కింటి ఫోన్ ముఖ్యం అని చాలామందికి తట్టదు, ఒంటరి ముసలావిడ ఫోన్ ఛార్జింగ్ అయిపోయి పడి ఉంటుంది కదా. ఆ ట్యాబ్‌ని ఇంటిపేరు వరసలో కాకుండా రేవు వరసలో పెట్టండి, పడవ ఆగేది రేవు దగ్గర కాబట్టి. మొదటి హెచ్చరిక రాగానే నాలుగు కాపీలు ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ఊరికి ఒకరి చేతికి ఒకటి ఇచ్చేయాలి, మూడో హెచ్చరిక వచ్చేసరికి ప్రింటర్‌కి కరెంటు ఉంటుందో లేదో ఎవరికి తెలుసు. గ్రామ సచివాలయం వాళ్ళ దగ్గర కూడా లిస్టులుంటాయి, వాళ్ళతో పోటీ వద్దు, మీ లిస్టు కాపీ ఒకటి వాళ్ళకీ ఇవ్వండి. ఇక్కడ గెలిచేది షీటూ కాదు, యాపూ కాదు, నిన్నటిదాకా సరిచూసిన ఆ ప్రింటు. షీట్ లేకపోతే ఆ ప్రింటు ఉండదనుకోండి, అది వేరే మాట.

మనుషులకి కబురు పంపడానికి ఏది మంచిది అంటే, చదువుకున్నవాళ్ళకీ స్టాఫ్‌కీ వాట్సాప్, ముసలివాళ్ళకి ఫోన్ కాల్, మధ్యలో ఎస్సెమ్మెస్ నేనైతే వదిలేస్తా. ఎందుకంటే బల్క్ ఎస్సెమ్మెస్ పంపాలంటే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (అంటే టెలికాం కంపెనీల దగ్గర పంపేవాళ్ళ పేరు నమోదు) చేసుకోవాలి, పంపే ప్రతి వాక్యం నమూనా ముందే ఆమోదం పొందాలి, పైగా ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే మెసేజ్‌లో తెలుగైతే 70 మాత్రమే పడుతుంది, కొంచెం పొడుగైతే రెండు మెసేజ్‌ల బిల్లు. ఇంత చేసి పంపినా బటన్ ఫోన్లో తెలుగు డబ్బాల్లా కనపడొచ్చు. వాట్సాప్‌లో గ్రూపు కన్నా బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు, ఒకరి నంబర్ ఇంకొకరికి తెలియదు, కాకపోతే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, లిస్టుకి 256 మందే. సర్టిఫికెట్లూ అర్జీలూ లాంటి వాటికి ప్రభుత్వం 2025 జనవరిలో పెట్టిన మన మిత్ర వాట్సాప్ ఉంది, అందులో ఎలా అడగాలో మీ స్టాఫ్‌లో ఒకరికి నేర్పిస్తే చాలు, అందుకోసం మీరు ఇంకే యాపూ తయారుచేయించక్కర్లేదు.

గుట్టు విషయంలో కొంచెం కఠినంగా ఉండండి. పిల్లల హోం అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదు, పుట్టినరోజు కేకు ఫోటో అని గ్రూపులో వేసేయడం కూడా అందులోకే రావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళతో పనిచేస్తే 2017 చట్టం ఉంది, వాళ్ళ వివరాలు అందరూ చూసే షీట్‌లో ఉండనే కూడదు, వేరే ఫైలు, ఇద్దరికే తెలిసిన పాస్‌వర్డ్. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. ఆధార్ జిరాక్సులు ఫోటో తీసి ఫోన్ గ్యాలరీలో దాచుకునే అలవాటు ఎక్కడున్నా మానేయండి, తప్పదంటే చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి.

డబ్బు లెక్కలు వీటిలో కలపొద్దు. ఆడిటర్‌కి అలవాటైన టాలీ ఉంటే టాలీ, లేదంటే ఎక్సెల్. దాతల లిస్టు మాత్రం పద్ధతిగా ఉండాలి, 80జీ (దాతకి పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉన్న సంస్థలు 2021-22 విరాళాల నుంచి దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకి ఫారం 10బీడీ మే 31 లోపు వేస్తూ వస్తున్నాయి, దానికి దాత పేరు, అడ్రసు, పాన్ లాంటి నంబర్ కావాలి, మేలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగే కన్నా డబ్బు తీసుకున్న రోజే రాసుకోవడం సుఖం.

సరే, ఎవరికి ఏది అని తేల్చమంటే నా లెక్క ఇది. ఒకే చోట ఉండే వృద్ధాశ్రమానికి రిజిస్టరూ దానికి తోడు చిన్న షీటూ. నాలుగైదు మండలాల్లో తిరిగే దివ్యాంగుల సంస్థకి గూగుల్ షీట్స్ అసలు లిస్టు, సర్వేలకి కోబో, రెండింటికీ ఒకే నంబర్. వరద సాయం మాత్రమే చేసే యువజన సంఘానికి కోబో ఒక్కటే చాలు, మిగతా ఏడాదంతా ఎవరూ తెరవని షీట్ దేనికి. పిల్లల హోంకి పాస్‌వర్డ్ పెట్టిన ఎక్సెల్, నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి బీరువాలో. సొంత యాప్ ఎవరికీ చెప్పను, ఏడాది పాటు షీట్ నడిపి "ఈ పని మాత్రం షీట్‌లో కావట్లేదు" అని ఫలానా పని చూపించగలిగినవాళ్ళకి తప్ప.

మొదలెట్టేటప్పుడు పదేళ్ళ పాత పుస్తకాలన్నీ ఎక్కించాలని కూర్చోకండి, సగంలో విసుగొచ్చి మొత్తం ఆపేస్తారు. ఇవాళ సేవ అందుకుంటున్నవాళ్ళని మాత్రమే ఎక్కించండి, అది కూడా ముందు ఒక్క ఊరు, ఒక నెల నడిపి చూసి కాలమ్‌లు సరిచేసుకుని తర్వాత మిగతా ఊళ్ళు. పాత రిజిస్టర్లు ఏ సంవత్సరానివో అట్ట మీద రాసి ట్రంకు పెట్టెలో సర్ది అటక మీద పెట్టేయండి, పెన్షన్ గొడవకో కోర్టు కాగితానికో ఎప్పుడైనా కావాలంటే ఆ ఒక్క మనిషి పేజీ తీసి అప్పుడు ఎక్కించుకోవచ్చు.